ఎడమ చెవి వెనక మచ్చ

1968 డిసెంబరు 12, గురువారం. కృష్ణ సముద్రంలో కలిసే చోట, ఇసుక దిబ్బ మీద.

ఉన్నవాళ్ళు: అమ్మ. చెల్లెలు. నేను. మావయ్య, అంటే అమ్మకు స్వయానా అన్న. మావయ్య కొడుకు. పురోహితుడు గారు. పడవ నడిపే అన్నదమ్ములిద్దరు.

నా డైరీలో ఏ పేజీ అయినా ఇలాగే మొదలవుతుంది. ముందు తేదీ, తరవాత చోటు, ఆ తరవాత అక్కడ ఎవరెవరున్నారో. ఈ పద్ధతి నాకు నాన్న దగ్గర్నుంచి వచ్చింది. ఆయన చక్కెర మిల్లులో చెరుకు బళ్ళు తూచే గుమాస్తా. బండి ఎవరిది, ఏ ఊరిది, ఏ వేళకు వచ్చింది అన్నవి రాసుకున్నాకే తూకం చూసేవారు. ఆ రోజు రాత్రి డైరీ ముందు పెట్టుకుని, ఉన్నవాళ్ళలో నాన్నను కూడా రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. చివరికి రాయలేదు. ఎందుకు రాయలేదో చెప్పాలంటే ఆ రోజు సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

నాన్న పోయింది తెనాలిలో, మా ఇంట్లోనే. మామూలుగా అయితే పదోరోజు కర్మ ఊళ్ళో కాలవగట్టు మీదే చేసుకుంటారు. మావయ్య ఒప్పుకోలేదు. ఆయనది రేపల్లె అవతల, కృష్ణ ఒడ్డున లాంచీ రేవు ఉన్న ఊరు. అక్కడ కొబ్బరితాళ్ళ కొట్టు నడిపేవాడు.

"సాగరసంగమం మా గుమ్మం ముందు పెట్టుకుని బావని కాలవలో కలుపుతారా?" అన్నాడు.

అన్నిటికీ ఆయనే పూనుకున్నాడు. రేపల్లె దాకా రైలు, అక్కణ్ణుంచి జట్కా, ఆ రాత్రికి వాళ్ళింట్లో పడక, తెల్లవారగానే పడవ. నాన్న పోయిన దగ్గర్నుంచి మా ముగ్గురికీ, ఏ పనైనా ఎవరో ఒకరు చెబితే చెయ్యడమే హాయిగా ఉంది. లేవమంటే లేచాం, ఎక్కమంటే ఎక్కాం. ఆ హాయిలోనే చిక్కుకున్నాం.

మావయ్య చెడ్డవాడు కాదు. అమ్మంటే ప్రాణం. మా చెల్లెల్ని తన కొడుక్కి చేసుకోవాలని అది పుట్టిన రోజు నుంచీ ఆయన కోరిక. నాన్న కాదనలేదు, అవుననలేదు. చెల్లెల్ని టీచరు ట్రైనింగుకని బాపట్లలో చేర్పించి, ట్రంకుపెట్టె తనే రైల్లో పెట్టుకుని వెళ్ళి హాస్టల్లో దింపి వచ్చారు. మావయ్య కదిపినప్పుడల్లా, "దాని చదువు కానియ్యి, తరవాత దాన్నే అడుగుదాం," అనేవారు. ఆ డిసెంబరుకు చెల్లెలు రెండో ఏడు చదువుతోంది. ఏప్రిల్లో పరీక్షలు. ఇంటికి పెద్ద దిక్కు పోయిన ఈ పది రోజుల్లో ఆ నాలుగు నెలలూ ఎవరి చేతుల్లో ఉన్నాయో మాకే తెలియకుండా పోయింది. నేను తెనాలిలో గుమాస్తాని. ఇరవయ్యారేళ్ళవాణ్ణి. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో కల్పించుకోవడం అప్పటికింకా రాలేదు.

ఇంకొక్క సంగతి ముందే చెప్పాలి. నాన్నకు ఎడమ చెవి వెనక మినపగింజంత పుట్టుమచ్చ ఉండేది. క్షవరం చేసేటప్పుడు కత్తి అక్కడికి రాగానే చుట్టు తిరిగి వెళ్ళేది. ఆదివారం తలంటు పోసేటప్పుడు అమ్మ ముందు దాని మీద ఓ చుక్క నూనె పెట్టి, ఆ తరవాతే తలకు రాసేది. ఎందుకలా అని ఎవరైనా అడిగితే, "అలవాటు," అనేది.

దిబ్బ దగ్గరికి చేరేసరికి పొద్దు బాగా పైకి వచ్చింది. దిబ్బ అంటే పెద్దదేమీ కాదు. ఒక పక్క నది, ఒక పక్క సముద్రం, మధ్యలో వాకిట్లో చాప పరిచినట్టు ఇసుక. చెట్టు లేదు. పడవవాళ్ళు తెరచాప దించి, దాన్నే రెండు తెడ్లకు కట్టి అమ్మకు నీడ చేశారు. బూడిద కలిపాం. అమ్మ చేతి గాజులు అక్కడే తీసేశారు. నేను స్నానం చేసి తడిబట్టలతో కూచుని పిండాలు పెట్టాను. పురోహితుడు గారు చెప్పినట్టు ఆకు తీసుకెళ్ళి ఇసుక మీద పెట్టి, కాకి వచ్చి ముట్టుకోవడం కోసం అందరం ఆకు చుట్టూ నిలబడ్డాం.

కాకి రాలేదు. ఆ దిబ్బ మీద కాకులు లేవు. ఎదర తడి ఇసుక మీద ఓ గుంపు తెల్ల పిట్టలు మాత్రం అన్నీ ఒకే వైపు తిరిగి కూచుని ఉన్నాయి.

"ఆయనకి ఏదో బెంగ మిగిలిపోయింది," అన్నారు పురోహితుడు గారు. "మనసులో ఉన్నది పైకి చెప్పండమ్మా. వింటారు."

మా వైపు ఇది మామూలే. పక్షి ముట్టకపోతే పోయినవాళ్ళ కోరిక ఏదో తీరలేదంటారు. ఒక్కొక్కళ్ళూ ముందుకు వచ్చి ఏదో ఒక మాట ఇస్తారు. ఏ మాటకు పక్షి వస్తే ఆ మాటే పోయినవాళ్ళు కోరుకున్నదని లెక్క. ఇక ఆ మాట తప్పడానికి లేదు.

అమ్మ మొదలుపెట్టింది. "గేదెను అమ్మనులెండి. ఎంతమంది వచ్చి అడిగినా అమ్మను."

ఏ పిట్టా కదల్లేదు.

"మీ సైకిలు నేనే తొక్కుతాను నాన్నా. బయటవాళ్ళకి ఇవ్వను," అన్నాను.

"సైకిలు కోసం ఆగిపోయే మనిషటరా మా బావ," అన్నాడు మావయ్య.

తరవాత చెల్లెలు. అది ఆకుకు కాస్త దూరంలో మోకాళ్ళ మీద కూచుంది. "ట్రైనింగు పూర్తి చేస్తాను నాన్నా. మధ్యలో మానను," అంది. అంత నెమ్మదిగా అన్నా అందరికీ వినపడింది. అందరం పిట్టల వైపు చూశాం. అవి అలాగే కూచున్నాయి. చెల్లెలు లేవలేదు. ఇంకొంచెంసేపు చూసింది. అప్పుడు మావయ్య దాని భుజం పట్టుకుని లేపి, తను రెండు చేతులూ జోడించాడు.

"బావా, నీ బెంగ ఏంటో నాకు తెలుసు. పిల్ల గురించేగా. మాఘమాసంలో దాన్ని నా కోడల్ని చేసుకుంటాను. ఏడాది తిరక్కుండా కన్యాదానం అయిపోద్ది. ఇంక నిశ్చింతగా వెళ్ళిరా."

ఈ మాట అంటూనే ఆయన ఏడ్చేశాడు. అది నాటకం కాదు, నాకు తెలుసు. కండువాతో మొహం కప్పుకుని పడవ వైపు నడిచాడు. ఆయన్ని పట్టుకోవడానికి ఆయన కొడుకు వెళ్ళాడు. పురోహితుడు గారు, "మీరూ కాస్త వెనక్కి రండమ్మా," అన్నారు. అందరం వెనక్కి జరిగాం.

గుంపులోంచి ఒక పిట్ట లేచింది. ఆకు మీద ఒక చుట్టు తిరిగి, వచ్చి వాలింది. కాకి కన్నా కాస్త పెద్దది. ఒళ్ళంతా తెలుపు, వీపు మీద బూడిద రంగు. ఎర్రటి ముక్కు, ముక్కు చివర నలుపు. ఎర్రటి కాళ్ళు. మాకు ఎడమ పక్క కనపడేట్టు నిలబడింది. ఒక మెతుకు తిని, తల ఎత్తి, కదలకుండా ఉండిపోయింది. దాని కంటి వెనక, చెవి ఉండాల్సిన చోట, నల్లటి మచ్చ ఉంది.

"మచ్చ," అంది అమ్మ.

అమ్మ ఇసుకలో కూలబడి చేతులు జోడించింది. పది రోజులుగా ఏడుపు రాని అమ్మకు అప్పుడు ఏడుపొచ్చింది. పిట్ట ఇంకో ముద్ద నోట కరుచుకుని లేచింది.

"కాకి కాదు కదండీ?" అని అడిగాను పురోహితుడు గారిని.

"సముద్రం ఒడ్డున కాకి ఎక్కణ్ణుంచి వస్తుంది నాయనా. పక్షి రూపం చాలు. పైగా గుర్తుతో సహా వచ్చారు."

నేను చెల్లెలి వైపు చూశాను. అది పిట్ట వైపు చూడటం లేదు. తను మాట ఇచ్చినప్పుడు రాని నాన్న, మావయ్య మాట ఇవ్వగానే వచ్చారు. దాని మొహంలో కోపం లేదు. పరీక్షలో తప్పినవాళ్ళు బోర్డు దగ్గర నిలబడ్డట్టు నిలబడింది.

వెళదామని పడవ దగ్గరికి వస్తే పడవ కదల్లేదు. మేము కర్మలో ఉండగానే నీరు తీసేసింది. పడవ అడుగు ఇసుకలో కూచుంది.

"ఇంక పోటు రావాలండి," అన్నాడు పడవవాళ్ళలో పెద్దవాడు.

"ఎప్పుడొస్తది?"

"పొద్దు వాలేటప్పటికి లేస్తదండి పడవ."

మావయ్య విసుక్కున్నాడు. "ముందే చెప్పాలా వద్దా?"

"కాకి వచ్చేదాకా కదలొద్దన్నది మీరే గదండీ."

అలా ఆ దిబ్బ మీద ఇరుక్కుపోయాం. ఎటు నడిచినా నాలుగడుగుల్లో నీళ్ళు అడ్డం వచ్చేవి. మాటలు వినపడకుండా పోవడానికి కూడా చోటు లేదు. అత్తయ్య కట్టి పంపిన పెరుగన్నం క్యారేజీ విప్పారు. అమ్మ అన్నం కలుపుకుంది. పది రోజుల్లో మొదటిసారి, ఎవరూ బతిమాలకుండా తింది. తిని చేయి కడుక్కుంటూ, "ఎండగా ఉంది, పాపం ఎక్కడ తిరుగుతున్నారో," అంది పిట్టల వైపు చూసి. తరవాత తెరచాప నీడలో అటు తిరిగి పడుకుంది.

మావయ్య పుల్ల తీసుకుని ఇసుక మీద వాళ్ళ ఇంటి బొమ్మ గీయడం మొదలుపెట్టాడు. ఇక్కడ పందిరి. ఇక్కడ వంటలు. తెనాలి నుంచి వచ్చేవాళ్ళకి విడిది ఇక్కడ, ఎదురింట్లో. పురోహితుడు గారు మాఘంలో మంచి రోజులు వేళ్ళ మీద లెక్క చూసి చెబుతున్నారు. నన్ను మధ్యలో పిలిచి, "మీ ఆఫీసులో సెలవు దొరుకుద్దా?" అని అడిగాడు మావయ్య. దొరుకుతుందన్నాను.

చెల్లెలు దిబ్బ కొసన కూచుంది. మావయ్య కొడుకు కాస్త దూరంలో నిలబడి, ఇసుకలో కాలి బొటనవేలితో గుంట తవ్వుతున్నాడు. మంచివాడు, మాట తక్కువ.

"నీకేంటి బావా, నీకు సంతోషమే కదా," అంది చెల్లెలు, మొహం తిప్పకుండానే.

"నన్నెవరడిగారు?" అన్నాడు. "మా నాన్న తాడు కొలిచినా నన్ను అడగడు."

అది నవ్వింది. ఆ రోజు అది నవ్వడం అదొక్కసారే.

నాకు చెయ్యడానికి పనేమీ లేక పిట్టల్ని చూస్తూ కూచున్నాను. ఏదైనా ఎక్కువసేపు చూస్తే, అందులో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా గుర్తుపెట్టుకోవడం నా స్వభావం. పొద్దున వచ్చిన పిట్ట ఏదో కనిపెడదామని చూశాను. మచ్చ ఉన్నది ఒకటి దొరికింది. అదేననుకున్నాను. దాని పక్కదానికీ మచ్చ ఉంది. ఆ పక్కదానికీ. ముక్కు ఎర్రగా ఉన్నవి, ముక్కు పసుపుగా ఉండి తోక చివర నల్ల పట్టీ ఉన్నవి, రెక్కల మీద గోధుమరంగు మరకలున్నవి, అన్నిటికీ చెవి దగ్గర అదే మచ్చ. నేను లేచి నిలబడ్డాను. మళ్ళీ కూచున్నాను.

ఎడమ వైపేగా, అనుకున్నాను. అవన్నీ ఉత్తరానికి తిరిగి కూచున్నాయి. పొద్దుటి నుంచీ నేల మీది గాలి వీస్తోంది. ఈకలు చెదరకుండా అవి గాలికి ఎదురుగా కూచుంటాయి. మేమేమో వాటికి పడమట ఉన్నాం. మాకు కనపడేది ఎడమ చెంపే. మధ్యాహ్నం దాటాక గాలి ఆగింది. కాసేపటికి సముద్రం వైపు నుంచి మొదలైంది. అప్పుడు పిట్టలు ఒకదాని వెంట ఒకటి లేచి, దక్షిణానికి తిరిగి మళ్ళీ కూచున్నాయి. కుడి చెంపలు కనపడ్డాయి. కుడి పక్కా మచ్చలున్నాయి.

మావయ్య దగ్గరికి వెళ్ళాను. "మావయ్యా, ఆ పిట్టలన్నిటికీ మచ్చ ఉంది. రెండు వైపులా ఉంది."

ఆయన పుల్ల ఆపి చూశాడు. మనిషి తెలివితక్కువవాడు కాదు, చాలాసేపే చూశాడు. తరవాత గొంతు తగ్గించి, "ఒరేయ్ అబ్బాయ్, అదిగో మీ అమ్మ పడుకుంది. పోయి ఆ మాట తనతో చెప్పు చూద్దాం," అన్నాడు.

నేను తెరచాప వైపు ఒకసారి చూసి వెనుదిరిగాను. ఆయన పుల్ల మళ్ళీ కదిలింది.

చెల్లెలి దగ్గరికి వెళ్ళి అదే మాట చెప్పాను. అది ఆశ్చర్యపోలేదు. "తోకకి పట్టీ ఉన్నవాటిక్కూడా ఉంది, చూశావా?" అంది. అంటే నాకన్నా ముందే చూసింది. క్యారేజీలో మిగిలిన అన్నం గిన్నె దాని పక్కనే ఉంది. ఒక ముద్ద తీసి మా ముందు ఇసుక మీద పెట్టింది. ఇద్దరం కదలకుండా నిలబడ్డాం. పిట్టలు మా వైపు చూశాయి, రాలేదు. "ఇప్పుడు వెనక్కి రా," అంది. వెనక్కి జరిగాం. ఇంకొంచెం జరిగాం. ఒకటి లేచి వచ్చి ముద్ద ముందు వాలింది. అది ముక్కుతో అందుకోగానే ఇంకో రెండు వచ్చి దాని నోట్లోంచి లాక్కోబోయాయి.

"ట్రైనింగు పూర్తి చేస్తాను నాన్నా," అంది చెల్లెలు వాటితో. పిట్టలు అరుచుకుంటూ ముద్ద కోసం కొట్టుకుంటున్నాయి.

పొద్దున అది మాట ఇచ్చినప్పుడు మేమందరం ఆకు చుట్టూ ఉన్నాం. మావయ్య మాట అయ్యాకే వెనక్కి జరిగాం. జరిగింది అంతే.

"అమ్మకి చెబుతాను," అన్నాను.

"చెప్పకు."

"ఎందుకు?"

"అమ్మ అన్నం తింది అన్నయ్యా. పొద్దున కనపడిన మనిషిని మధ్యాహ్నానికల్లా మళ్ళీ చంపమంటావా?"

"మరి నీ చదువు?"

గిన్నె తీసుకెళ్ళి నీళ్ళలో కడిగింది. నేను నిలబడ్డ చోటే నిలబడ్డాను. చెబితే అమ్మకు నాన్న లేకుండా పోతారు, చెప్పకపోతే చెల్లెలికి బాపట్ల లేకుండా పోతుంది. ఆ సాయంత్రం పోటు కోసం అంతమందిమి ఎదురుచూశాం గానీ, నాకు మాత్రం పడవ కదిలినా ఆ దిబ్బ మీంచి దిగే దారి లేదనిపించింది.

ఇక్కడ ఆ పిట్టల గురించి నాకు తరవాత తెలిసింది చెప్పాలి. లేకపోతే ఆ రోజు మా అందరి తెలివి తక్కువతనమే ఇదనిపిస్తుంది. అది పూర్తిగా నిజం కాదు.

డెబ్భైలలో నాకు బాపట్ల బదిలీ అయింది. ఆదివారాలు సైకిలు మీద, నాన్న సైకిలు మీదే, సూర్యలంక సముద్రానికి వెళ్ళేవాణ్ణి. అక్కడా ఆ పిట్టలే. మొదటి ఏడు నేను వాటిని నాలుగు రకాలుగా రాసుకున్నాను. చెవి మచ్చవి ఒక రకం. తోక పట్టీవి ఒక రకం. ఎండలు మొదలయ్యేసరికి తల సగం మాసినట్టున్నవి కనపడ్డాయి, అవి మూడో రకం. శివరాత్రి దాటాక తల మొత్తం కాఫీ రంగులో మునిగినట్టున్నవి వచ్చాయి, నాలుగో రకం. కాఫీ తలవి పెరుగుతున్నకొద్దీ మచ్చవి తగ్గిపోతున్నాయి. అవి ఎక్కడికి పోతున్నాయో నాకు అర్థం కాలేదు. రెండో ఏడు ఒకే గుంపును వారం వారం వదలకుండా చూశాక అప్పుడు తెలిసింది. ఎక్కడికీ పోవడం లేదు. ఆ మచ్చే అద్దుడు కాగితం మీద సిరా పాకినట్టు నెత్తి మీదికి, గొంతు కిందికి పాకి తలంతా నిండుతోంది. నాలుగు రకాలు లేవు. అన్నీ ఒకటే పిట్ట. తోక పట్టీవి ఆ ఏటి పిల్లలు.

తరవాత ఒక ఇంగ్లీషు పుస్తకంలో దాని బొమ్మ దొరికింది. గోధుమరంగు తల ఉన్న సముద్రపు కాకి అని దాని పేరుకు అర్థం. మన వైపు దాదాపు దీనిలాగే ఉండే ఇంకో రకం కూడా తిరుగుతుంది. దానికీ చలికాలంలో చెవి మచ్చ ఉంటుంది. రెండిటినీ విడదియ్యాలంటే కన్ను చూడాలి. మన పిట్టల్లో ఎదిగినదానికి కన్ను తెల్లగా ఉండి, ఎప్పుడూ కాస్త కోపంగా ఉన్నట్టు కనపడుతుంది. రెండోదానికి కన్ను నల్లగా, సాధువుగా ఉంటుంది. ఎగిరేటప్పుడైతే మన పిట్ట రెక్క చివర నలుపులో అద్దం బిళ్ళలాంటి తెల్ల చుక్క మెరుస్తుంది. హిమాలయాల అవతల ఎత్తైన సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి, అక్కడ గడ్డ కట్టే వేళకు ఇక్కడికి వస్తుంది. ఎండలు ముదిరేలోపు వెళ్ళిపోతుంది. చేప ఉంటే చేప, లేకపోతే పురుగు, అదీ లేకపోతే మన అన్నం.

అంటే డిసెంబరులో ఆ మచ్చ ఒక ముసుగులో మిగిలిపోయిన చిన్న ముక్క. నాన్న ఉగాదికి పోయి ఉంటే, అవే పిట్టలు గోధుమ తలలతో వచ్చి అదే పిండం తినేవి. ఎవరూ గుర్తుపట్టేవాళ్ళు కాదు. అయితే, పదోరోజున, ముప్ఫై ఏళ్ళు ఒక మచ్చ మీద నూనె పెట్టిన మనిషి చెవి వెనక మచ్చ ఉన్న పిట్టను చూసి ఏమనుకోవాలి? అమ్మ పొరపాటు పడిందని ఇప్పటికీ నేను అనలేను. తనకు తెలిసిన గుర్తుతోనే తను గుర్తుపట్టింది. నాకు ఆరు చలికాలాలు దొరికాయి. ఆమెకు ఆ ఒక్క పొద్దే దొరికింది.

ఆ రోజు పొద్దు వాలుతుండగా నీరు వచ్చింది. మావయ్య గీసిన పందిరి ముందు మునిగింది, తరవాత వంటలు. పడవ కదిలింది. రేవు చేరేసరికి మసక చీకటి. ఇంట్లో అత్తయ్య మావయ్య నోట సంగతి విని చెల్లెల్ని దగ్గరికి తీసుకుని తల నిమిరింది. "ఇంక ఎల్లుండి మళ్ళీ బాపట్ల పోవడం ఎందుకులే, పెట్టె మీ అన్నయ్య తెచ్చిపెడతాడు," అంది. చెల్లెలు తల ఊపింది. అమ్మ గోడకు ఆనుకుని కూచుని ఆ మాటలు వింటోంది. నేను డైరీ తీసి తేదీ వేశాను. ఉన్నవాళ్ళు అని రాసి ఆగాను.

మరునాడు పొద్దున మేము తెనాలి వెళ్ళాలి. పదకొండోరోజు భోజనాలు అక్కడ. జట్కా వచ్చేలోపు అమ్మ, "ఒకసారి రేవుకి పోయి చూసొస్తాను. మళ్ళీ కనపడతారేమో," అంది. నేను, చెల్లెలు, మావయ్య వెంట వెళ్ళాం. అత్తయ్య ఇచ్చిన చద్దన్నం కాస్త ఆకులో పట్టుకుంది అమ్మ.

రేవులో లాంచీ ఆగి ఉంది. దాని కప్పు అంచున, లంగరు తాడు మీద, నీళ్ళలో పాతిన గుంజల మీద, ఎక్కడ చూసినా ఆ పిట్టలే. గుంజకొకటి చొప్పున, అన్నీ గాలికి ఎదురుగా. ప్రతిదానికీ మచ్చ. మావయ్య నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

అమ్మ ఒడ్డు మీద నిలబడి నెమ్మదిగా చూసింది. మొదటి గుంజ మీద దాన్ని, రెండోదాన్ని, మూడోదాన్ని. లాంచీ వాడు గంట కొడితే పిట్టలన్నీ లేచి, చుట్టు తిరిగి, మళ్ళీ వచ్చి వాలాయి. కొన్ని కుడివైపు కనపడేట్టు వాలాయి. అమ్మ వాటినీ చూసింది.

"మీ నాన్నకి ఎడం పక్కే," అంది.

ఆకు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"ఒక్క మనిషితో వేగడానికే నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఇంతమందంటే నావల్ల కాదమ్మా." ఈ మాట చెల్లెలితో అంది. తరవాత మావయ్య వైపు తిరిగింది. "అన్నయ్యా, నిన్న నువ్వు మాట ఇచ్చింది వీటిల్లో దేనికో కనుక్కుని నాకు చెప్పు. నువ్వు కనుక్కునేదాకా పిల్లని బాపట్లలో చదువుకోనీ."

"అది కాదమ్మాయ్..." అన్నాడు మావయ్య.

"కనుక్కో. తొందరేం లేదు."

మావయ్య గుంజల వైపు చూశాడు. ఆయన కొట్టులో తాళ్ళు కొనే లాంచీ మనిషి ఒకడు, "ఏంటండీ, పిట్టలు లెక్కబెడుతున్నారా?" అని అడిగాడు. మావయ్య కండువా దులిపి భుజం మీద వేసుకుని, "ఏం లేదులే, చూస్తున్నా," అన్నాడు.

చెల్లెలు ఏడవలేదు. వంగి అమ్మ చీర కుచ్చిళ్ళకు అంటిన ఇసుక దులిపింది, అంతే. "రేపు మధ్యాహ్నం రైలుకి పోతాను," అంది వంగే ఉండి. "పెట్టె అక్కడే ఉందిగా."

అమ్మ ఆకు విప్పి చద్దన్నం ఒడ్డున మెట్టు మీద పెట్టింది. పిట్టలు చూశాయి గానీ కదల్లేదు. అప్పుడు అమ్మ, ఎవరూ చెప్పకుండానే, చెల్లెలి చెయ్యి పట్టుకుని రెండు మెట్లు వెనక్కి జరిగి నిలబడింది. మొదటి పిట్ట గుంజ మీంచి లేచింది. నిన్న మధ్యాహ్నం తెరచాప నీడలో అమ్మ నిద్రపోలేదని అప్పుడు నాకు తెలిసింది.